పొద్దుండంగనే చూడాల్సిన కిటికీలు

చిన్నప్పుడు నాన్న నన్ను మెదక్ చర్చి చూపించడానికి తీసుకెళ్ళాడు. బస్సు దారిలో చెడిపోయి, మేం చేరేసరికి చీకటి పడింది. "రంగు అద్దాల్లో బొమ్మలు చూద్దువుగాని" అని దారంతా ఊరించిన మనిషి, లోపలికెళ్ళి నల్లటి కిటికీల ముందు నిలబడిపోయాడు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, అద్దాల్లో మాత్రం ఏమీ లేదు. అక్కడున్న కాపలా ఆయన "పగటీలి రావాలె సారూ, పొద్దుండంగనే కనబడ్తయి" అన్నాడు. మళ్ళీ వెళ్ళడం కుదరనే లేదు.

ఆ మాట మొన్న షికాగోలో గుర్తొచ్చింది. డౌన్‌టౌన్‌లోని కల్చరల్ సెంటర్ 1897లో పబ్లిక్ లైబ్రరీగా కట్టిన భవనం. మేడ మీద హాలు పైకప్పుకి టిఫనీ వాళ్ళు చేసిన గాజు గోపురం ఉంది. 38 అడుగుల వెడల్పు, చేప పొలుసుల్లా పేర్చిన దాదాపు 30,000 గాజు ముక్కలు. టికెట్ లేదు, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు.

స్టెయిన్డ్ గ్లాస్ అంటే అద్దానికి రంగు పూయడమని అనుకునేవాణ్ణి. కాదు. గాజు కరిగేటప్పుడే కోబాల్ట్ కలిపితే నీలం, బంగారం కలిపితే గులాబి ఎరుపు వస్తాయి. ఆ ముక్కలు కోసి, రెండు పక్కలా గాడి ఉన్న సీసం పట్టీల్లో బిగించి, అతుకుల దగ్గర టంకం వేస్తారు. ముఖాలు, వేళ్ళలాంటి వివరాలు మాత్రం గీసి కొలిమిలో కాలుస్తారు. 1880 ప్రాంతంలో అమెరికాలో జాన్ లా ఫార్జ్, లూయీ టిఫనీ పాలరంగు గాజు వాడటం మొదలుపెట్టారు. అప్పటినుంచి బట్టల మడతలు, ఆకాశం కూడా కుంచె అవసరం లేకుండా గాజులోనే పలికాయి.

ఎంత పనితనమున్నా వెలుతురు అద్దం అవతలి నుంచి రావాలి. ఈ గోపురానికే ఆ కష్టం వచ్చింది. పైనున్న రక్షణ గాజు పాడైతే 1930ల్లో కాంక్రీటు, రాగిరేకులతో కప్పేశారు. డెబ్భై ఏళ్ళకు పైగా దానికి దీపాలే దిక్కు. 2008లో బాగుచేసి, పైకప్పు తీసి, మళ్ళీ ఎండ తగలనిచ్చారు.

మెదక్ చర్చిని కరువు రోజుల్లో చార్లెస్ పాస్నెట్ కట్టించాడు. పనిచేసినవాళ్ళకి తిండి దొరికింది. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. యేసు పుట్టుక, శిలువ, ఆరోహణం చూపే మూడు కిటికీలకి చిత్రాలు ఇంగ్లండుకి చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీవి. ఆరోహణం 1927లో వచ్చింది, మిగతా రెండూ చాలా ఏళ్ళ తర్వాత.

నాన్నకి ఇప్పుడు నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే అన్నారు డాక్టరు. గోపురం ఫొటో వాట్సాప్‌లో పంపితే, ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడట. అమ్మ చెప్పింది.

డిసెంబర్‌కి టికెట్లు తీసుకున్నాను. "ఈసారి మెదక్ వెళ్దాం నాన్నా" అన్నాను.

"కారు మాట్లాడు. తెల్లారకముందే బయల్దేరదాం" అన్నాడు.