సరుకు రిక్షాకు మోటారు: చూడాల్సింది వాట్లు కాదు, గేరు

విజయవాడ వన్‌టౌన్‌లోనైనా, హైదరాబాద్ బేగంబజార్‌లోనైనా, దిల్లీ చాందినీచౌక్‌లోనైనా హోల్‌సేల్ దుకాణాల ముందు మూడు చక్రాల సరుకు రిక్షాలు ఇప్పటికీ బారులు తీరి ఉంటాయి. లారీ దూరలేని సందుల్లోకి బస్తాలను చేర్చేవి అవే. వంతెన ఎదురైతే రిక్షా కార్మికుడు దిగి నెట్టాల్సిందే. ఆ కష్టం తప్పుతుందని కొందరు అప్పు చేసి మోటారు బిగించుకుంటున్నారు. కొన్నాళ్ళకు అదే వంతెన దగ్గర మోటారు కాలి వాసన వస్తుంది, మనిషి మళ్ళీ దిగి నెడతాడు. ‘వెయ్యి వాట్ల మోటారే వేయించాను కదా, ఎందుకు లాగదు?’ అని అడుగుతాడు.

తప్పు చాలాసార్లు మోటారుది కాదు. మోటారుకీ చక్రానికీ మధ్య ఉండాల్సిన గేరుది.

ముందు బరువు, తర్వాత ఎక్కుడు

ఒక లెక్క వేద్దాం. బండి 90 కిలోలు, బ్యాటరీ 30, మనిషి 60, సరుకు 220. మొత్తం 400 కిలోలు. చదును రోడ్డు మీద టైర్లు దొర్లడానికి ఈ బరువులో సుమారు ఒకటిన్నర శాతం, అంటే 6 కిలోల లాగుడు బలం చాలు. గాలి నిరోధంతో కలిపినా గంటకు 15 కి.మీ. వేగానికి 300 వాట్లు మించవు.

ఎక్కుడు వస్తే కథ మారుతుంది. వంద మీటర్లకు 4 మీటర్లు ఎక్కే ఫ్లైఓవర్ మీద బరువులో 4 శాతం, అంటే 16 కిలోలు అదనంగా లాగాలి. మొత్తం 22 కిలోలు. అదే 15 కి.మీ. వేగంతో ఎక్కాలంటే దాదాపు 900 వాట్లు కావాలి. గోదాము ముందు ఉండే 10 శాతం ర్యాంపు అయితే లాగుడు 46 కిలోలకు చేరుతుంది. మనిషి కాళ్ళు చాలాసేపు ఇవ్వగలిగింది 100 వాట్ల లోపే. అతడు ఫ్లైఓవర్ దగ్గర దిగి నెట్టడం అందుకే.

కాబట్టి మోటారు కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎన్ని వాట్లు?’ అన్నది కాదు. నిండు లోడుతో మన దారిలో అన్నింటికన్నా నిటారు ఎక్కుడు ఏది, దాన్ని ఎంత వేగంతో ఎక్కితే చాలు అన్నది.

వేడి ఎక్కడ పుడుతుంది?

మోటారులో రాగి తీగల చుట్లను వేడెక్కించేది ముఖ్యంగా టార్క్, అంటే తిప్పుడు బలం. టార్క్ రెట్టింపైతే కరెంటు రెట్టింపవుతుంది, వేడి నాలుగింతలవుతుంది. బండి నెమ్మదిగా పోతున్నా ఈ వేడి తగ్గదు.

26 అంగుళాల చక్రంతో ఆ 22 కిలోల లాగుడుకు ఇరుసు దగ్గర సుమారు 71 న్యూటన్-మీటర్ల టార్క్ కావాలి. చక్రం మధ్యలోనే ఉండే గేరు లేని హబ్ మోటారు దీన్నంతా నేరుగా తానే ఇవ్వాలి. అది ఎంతసేపైనా ఇవ్వగలిగేది 30 న్యూటన్-మీటర్లే అనుకుందాం. అప్పుడు ఫ్లైఓవర్ మీద దానిలో పుట్టే వేడి మామూలు కన్నా అయిదున్నర రెట్లు. మూసి ఉన్న హబ్‌లోంచి ఆ వేడి బయటికి పోయే దారి తక్కువ. లోపల చిన్న గేర్లు ఉండే హబ్ మోటార్లు కొంత మెరుగు. కానీ వాటిలో తరచు వాడే నైలాన్ గేర్ల పళ్ళు ఇంత బరువుకు అరిగిపోతాయి.

ఇప్పుడు అదే పని వేరే మోటారుతో చేద్దాం. 1000 వాట్లు, నిమిషానికి 3000 చుట్లు తిరిగేది. దాని టార్క్ 3.2 న్యూటన్-మీటర్లే. బండి గంటకు 15 కి.మీ. పోతుంటే చక్రం నిమిషానికి సుమారు 120 చుట్లు తిరుగుతుంది. 3000ను 120తో భాగిస్తే 25. మోటారు 25 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేలా గేరు పెడితే టార్క్ 25 రెట్లవుతుంది. గేర్లలో, చైనులో పోయే 15 శాతం తీసేసినా చక్రానికి 68 న్యూటన్-మీటర్లు అందుతాయి. ఫ్లైఓవర్‌కు దాదాపు సరిపోయింది. గోదాము ర్యాంపుకు రెట్టింపు పైగా కావాలి. ఒక్క నిమిషం పని కాబట్టి, కంట్రోలర్ అంత కరెంటు ఇవ్వగలిగితే, మోటారు తట్టుకుంటుంది.

ఈ 25ను ఒకే చైనుతో సాధించలేం. 9 పళ్ళ స్ప్రాకెట్‌కు 225 పళ్ళ చక్రం కావాల్సి వస్తుంది. అందుకే రెండు దశలు: మోటారు దగ్గర 6 రెట్ల గేరుబాక్సు, తర్వాత 11 పళ్ళ నుంచి 46 పళ్ళకు చైను. చిన్న చక్రం కూడా ఒక రకమైన గేరే. చక్రం సైజు మూడో వంతు తగ్గితే కావాల్సిన టార్క్ కూడా మూడో వంతు తగ్గుతుంది.

వేగం మీద ఆశ

చిక్కు ఇక్కడే వస్తుంది. 25 గేరుతో బండి గంటకు 15 కి.మీ. దాటదు. ఎక్కువ ట్రిప్పులు వేయాలని యజమాని 25 కి.మీ. కోరతాడు, మెకానిక్ గేరును 15కి తగ్గిస్తాడు. ఖాళీ బండి బాగానే పరుగెడుతుంది. నిండు లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం మోటారు మీద భారం 1.75 రెట్లు, వేడి మూడు రెట్లు అవుతుంది. ఖాళీ బండితో చేసిన పరీక్ష ఈ సంగతి ఎప్పటికీ చెప్పదు.

మోటారు ఎక్కడ బిగించారన్నదీ ముఖ్యమే. సరుకంతా వెనక ఉంటుంది కాబట్టి ముందు చక్రం మీద బరువు తక్కువ. అక్కడ హబ్ మోటారు పెడితే వానలో ర్యాంపు మీద చక్రం జారుతుంది. వెనక ఒక్క చక్రాన్నే తిప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది. డిఫరెన్షియల్ ఉన్న వెనక ఇరుసు ఖరీదైనా, భారీ సరుకుకు అదే సరైనది. బ్యాటరీ బరువునూ లెక్కలో వేయాలి. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు కలిస్తే వంద కిలోలు దాటుతాయి. ఆ మేరకు రెండు బస్తాలు దింపాల్సిందే.

ఆపగలిగినంతే వేగం

తొక్కుడు రిక్షాలకు సాధారణంగా ముందు చక్రానికే బ్రేకు ఉంటుంది. 400 కిలోల బండి దిగుడులో వస్తుంటే అది చాలదు. బంగ్లాదేశ్‌లో పాత రిక్షాలకు మోటార్లు బిగించి తిప్పడం మీద వచ్చిన పెద్ద విమర్శ ఇదే. 2024 నవంబరులో ఢాకాలో వాటిని ఆపేయాలని హైకోర్టు ఆదేశిస్తే రిక్షా కార్మికులు రోడ్ల మీదికొచ్చారు. మన దేశంలో ఈ-కార్ట్‌కు నిబంధనలు గంటకు 25 కి.మీ. వేగం, 310 కిలోల సరుకు పరిమితి పెట్టాయి. సందులో బిగించిన మోటారుకు ఆ ఆమోదం ఉండదు. ప్రమాదం జరిగితే భారమంతా నడిపేవాడి మీదే పడుతుంది.

కాబట్టి మోటారు వేయించుకునే వాళ్ళు దుకాణంలో మూడు సంగతులు అడగాలి. ఎంతసేపైనా ఇవ్వగలిగే టార్క్ ఎంత? చక్రం వరకు మొత్తం గేరు ఎంత? వెనక బ్రేకులు ఏవి? ఆ తర్వాత డబ్బు కట్టేముందు నిండు లోడుతో తమ దారిలోని ఎక్కుడు ఎక్కించి, దిగి, మోటారు మీద చెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి ఆనించలేనంతగా కాలుతుంటే మార్చాల్సింది గేరే. పెద్ద మోటారు కోసం ఇంకో అప్పు చేయడం తర్వాతి మాట.