టెక్సాస్ ఏ అండ్ ఎం ఆగీస్

టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయపు క్రీడా జట్లను ఆగీస్ అని పిలుస్తారు. ఈ విశ్వవిద్యాలయం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెక్సాస్ రాష్ట్రంలో, కాలేజ్ స్టేషన్ నగరంలో ఉన్నది. వ్యవసాయమునకు ఆంగ్ల పదమైన అగ్రికల్చర్ నుండి ఈ పేరు వచ్చినది. మెరూన్, తెలుపు ఈ జట్ల రంగులు. ప్రేక్షకులను కూడా జట్టులో భాగముగా భావించడం వీరి సంప్రదాయాలన్నిటికీ మూలము.

చరిత్ర

ఈ సంస్థ 1876లో వ్యవసాయ, యాంత్రిక కళాశాలగా ప్రారంభమైనది. దీర్ఘకాలం ఇది పురుషులకు మాత్రమే పరిమితమైన సైనిక శిక్షణా కళాశాలగా ఉండెను. 1963లో పరిమితంగా స్త్రీలకు ప్రవేశం లభించినది. 1965లో సైనిక శిక్షణ ఐచ్ఛికం చేయబడినది. జట్ల ఆచారాలలో నేటికీ కనిపించే క్రమశిక్షణ ఆ కాలపు వారసత్వమే.

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 1894లో ఏర్పడినది. డానా బైబిల్ శిక్షణలో 1917, 1919 సంవత్సరాలలో ఈ జట్టు ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వక అన్ని పోటీలూ గెలిచినది. 1939లో జాతీయ విజేతగా నిలిచినది. ఉత్తమ కళాశాల ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీని 1957లో జాన్ డేవిడ్ క్రో, 2012లో జానీ మాంజెల్ పొందారు. మహిళల బాస్కెట్‌బాల్ జట్టు 2011లో జాతీయ విజేత అయినది. అథ్లెటిక్స్‌లో 2009 నుండి 2011 వరకు వరుసగా మూడేళ్ళు పురుషుల, మహిళల జట్లు రెండూ జాతీయ విజేతలైనాయి. 2012లో విశ్వవిద్యాలయం ఆగ్నేయ సమాఖ్య (ఎస్.ఇ.సి.)లో చేరినది.

పన్నెండవ ఆటగాడు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో మైదానంలో జట్టుకు పదకొండుగురు ఆడతారు. 1922 జనవరి 2న డల్లాస్ నగరంలో సెంటర్ కళాశాలతో జరిగిన పోటీలో పలువురు ఆగీ ఆటగాళ్ళు గాయపడ్డారు. అదనపు ఆటగాళ్ళు దాదాపు మిగలని స్థితిలో బైబిల్, ప్రేక్షకుల వైపు ఉన్న ఇ. కింగ్ గిల్ అను విద్యార్థిని పిలిపించారు. గిల్ అప్పటికే ఫుట్‌బాల్ జట్టును విడిచి బాస్కెట్‌బాల్‌కు మారాడు. అతడు గాయపడిన ఆటగాడి దుస్తులు ధరించి, పోటీ ముగియువరకు మైదానపు అంచున సిద్ధంగా నిలుచున్నాడు. ఆగీస్ 22-14తో గెలిచారు. గిల్ ఆడవలసిన అవసరమే రాలేదు. అవసరమైతే తామూ దిగడానికి సిద్ధమే అనుటకు గుర్తుగా విద్యార్థులు నేటికీ ఫుట్‌బాల్ పోటీ జరిగినంతసేపు నిలబడే ఉంటారు.

ఇతర సంప్రదాయాలు

* ఈ విశ్వవిద్యాలయానికి ఇతర కళాశాలలలో వలె చీర్‌లీడర్లు ఉండరు. విద్యార్థులు ఎన్నుకొనే ఐదుగురు యెల్ లీడర్లు చేతి సంజ్ఞలతో నినాదాలను నడిపిస్తారు.
* సొంత మైదానమైన కైల్ ఫీల్డ్‌లో పోటీకి ముందు రాత్రి పన్నెండు గంటలకు నినాదాల అభ్యాసం జరుగుతుంది. ఈ మైదానంలో లక్షమందికి పైగా కూర్చొనవచ్చును.
* రెవెయ్ అను శునకం జట్టు చిహ్నము. మొదటి రెవెయ్ 1931లో వచ్చినది. మరణించిన రెవెయ్‌లను స్టేడియం వెలుపల ఖననం చేస్తారు.

బాన్‌ఫైర్

ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వీరి చిరకాల ప్రత్యర్థి. ఆ జట్టుతో ఏటా జరిగే పోటీకి ముందు విద్యార్థులు బ్రహ్మాండమైన మంట వేసేవారు. ఇది ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకంలో మొదలైనది. చూచుటకు భోగిమంటను పోలినను, దీనికై విద్యార్థులే చెట్లు నరికి వేలాది దుంగలను అంతస్తులుగా నిలబెట్టేవారు. 1969లో దీని ఎత్తు 109 అడుగులు దాటినది. 1963లో అధ్యక్షుడు కెన్నెడీ హత్య కారణంగా మంట వేయలేదు.

1999 నవంబరు 18 తెల్లవారుజామున 2 గంటల 42 నిమిషాలకు, నిర్మాణంలో ఉన్న సుమారు 5,000 దుంగల కట్టడం కూలిపోయినది. 12 మంది మరణించగా 27 మంది గాయపడ్డారు. పై అంతస్తు దుంగలను క్రింది అంతస్తు దుంగల మధ్యకు బలవంతంగా దిగగొట్టడం వలన లోపల ఒత్తిడి పెరిగినదనీ, అడుగు అంతస్తును బంధించే ఉక్కు తాళ్ళు ఆ ఏడు కట్టలేదనీ విచారణ సంఘం 2000లో తేల్చినది. విద్యార్థుల నిర్మాణంపై తగిన సాంకేతిక పర్యవేక్షణ లేకపోవడాన్ని కూడా తప్పుపట్టినది. అంతా విద్యార్థులే స్వయంగా చేయాలన్న ఆచారమే దాని ఆకర్షణ. ప్రమాదానికి దారితీసిన బలహీనత కూడా అదే.

వారం తరువాత, మంటకు బదులు కొవ్వొత్తులు వెలిగించి సంతాపం తెలిపారు. నవంబరు 26న జరిగిన పోటీలో ఆగీస్ 20-16తో నెగ్గారు. విరామ సమయంలో ప్రత్యర్థి విశ్వవిద్యాలయపు వాద్యబృందం మృతులకు నివాళిగా వాద్యాలు వినిపించినది.

2002లో, బాన్‌ఫైర్‌ను ప్రాంగణంలో పునరుద్ధరించరాదని విశ్వవిద్యాలయం నిర్ణయించినది. అప్పటినుండి కొందరు విద్యార్థులు ప్రాంగణం వెలుపల స్వతంత్రంగా, మారిన నమూనాతో మంట వేస్తున్నారు. 2004లో ప్రమాదస్థలంలో స్మారకం నెలకొల్పబడినది. వలయాకారపు ఈ స్మారకంలో మృతులకు గుర్తుగా పన్నెండు ద్వారాలున్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క మృతుని స్వస్థలం దిశగా తెరుచుకొని ఉండును. ఏటా నవంబరు 18న 2 గంటల 42 నిమిషాలకు అక్కడ సంస్మరణ జరుగుతుంది.

2011 తరువాత ఆగిపోయిన ఈ రెండు జట్ల పోటీ 2024 నవంబరు 30న కైల్ ఫీల్డ్‌లో తిరిగి మొదలైనది. అందులో ఆగీస్ 7-17తో ఓడిపోయారు.