నిజాం జీతాలతో మొదలైన పారాచూట్ పటాలం

విమానాల నుంచి దూకే మన '3 పారా' పటాలం మూలాలు ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోనే ఉన్నాయి. 1813లో బ్రిటిష్ రెసిడెంట్ హెన్రీ రస్సెల్ నిజాం ఖర్చుతో ఈ దళాన్ని నిలబెట్టాడు. హుకుం తెల్లదొరలది, జీతాలు నిజాంవి! ఆ ఫౌజు బాకీల లెక్క చూపించే 1853లో బేరార్ పాలనను కంపెనీ తీసేసుకుంది.

1922లో ఇది హైదరాబాద్ రెజిమెంట్‌లో మొదటి పటాలం. 1945లో రెజిమెంట్ పేరు కుమావ్‌గా మారి, హైదరాబాద్ మాటే పోయింది. మరుసటి ఏడాది పారాచూట్లు వచ్చాయి.

1947 నవంబర్‌లో ప్రీతమ్ సింగ్ నాయకత్వంలో పూంచ్ చేరిన ఈ పటాలం, ఏడాది ముట్టడిలోనూ పట్టణాన్ని వదల్లేదు. అదే యుద్ధంలో 50వ పారాచూట్ బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ 1948 జులై 3న ఝంగర్ దగ్గర షహీద్ అయ్యారు. ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు. ఢిల్లీ జామియా మిలియా ఖబరస్తాన్‌లో ఆయన సమాధి ఉంది.