చందమామపై కర్మాగారానికి దీపాలు

రాయపూరు నుండి బిలాస్‌పూరు పోయే రహదారిపై, ధర్సీవా పరిసరాలలో రాత్రివేళ ప్రయాణించినవారు సిల్తరా పారిశ్రామిక ప్రాంతపు వెలుగులను చూచియే ఉంటారు. పగలు ధూళి కప్పుకొని నిలిచే ఇనుప కట్టడాలు చీకటి పడగానే మరొక లోకానికి చెందినవిగా తోస్తాయి. పొగగొట్టాల కొనలపై ఎర్రదీపాలు, షెడ్ల సందులలో కొలిమి కాంతి, ఎత్తయిన మెట్లదారుల వెంట పసుపుపచ్చని చుక్కలు. 1982లో వచ్చిన ‘బ్లేడ్ రన్నర్’ అనే ఆంగ్ల చిత్రం మొదట కనిపించే భవిష్య నగరానికి ఇంగ్లండులోని టీసైడ్ కర్మాగారాల రాత్రి దృశ్యమే ప్రేరణ అని దర్శకుడు రిడ్లీ స్కాట్ చెప్పియున్నారు. ఆ నగరం నిజానికి బల్లపై నిలిపిన చిన్న నమూనా. దానిలోని దీపాలు సన్నని కాంతి తంతువుల కొనలు.

మనకు ఇది కొత్త విద్య కాదు. 1957 నాటి ‘మాయాబజార్’లో ద్వారకా నగరాన్ని గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వంలో, మార్కస్ బార్ట్‌లే కెమెరా కొరకు, సుమారు 50 అడుగులు 60 అడుగుల స్థలంలో నిర్మించారు. మూడు వందల వరకు బొమ్మ ఇళ్ళు నిలిపి, ఇంటింటికీ విడిగా విద్యుద్దీపం అమర్చారు. నాడు ఎల్.ఇ.డి. అనే మాటే లేదు. వేడెక్కే తంతు బల్బులను అట్ట ఇళ్ళలో వెలిగించడం ఎంత ఓర్పుతో కూడిన పనియో ఇంజనీర్లకు వేరుగా చెప్పనక్కరలేదు.

మా కాలనీ పిల్లలు విజ్ఞాన ప్రదర్శన కొరకు చంద్రునిపై ఒక ఖనిజ కర్మాగారాన్ని ఊహించి, 1:72 నిష్పత్తిలో ప్లైవుడ్ పలకపై నిర్మించ తలపెట్టారు. దీపాల బాధ్యత మాపై పడినది. మొదట వారు తెచ్చినది పండుగలకు తోరణంగా కట్టే సీరియల్ సెట్టు. దానిని కత్తిరించి నమూనాలో దూర్చి, తీగను గోడ ప్లగ్గులో పెడదామన్నారు. ఇటువంటి ఏర్పాట్లు విజ్ఞాన ప్రదర్శనలలో నేటికీ కనిపిస్తాయి. ఒక్కొక్క బల్బుకు దక్కేది కొద్ది వోల్టులే కావచ్చు. కానీ ఎక్కడ తీగ తెగినా, తొడుగు ఊడినా, అక్కడ తాకిన వేలికి 230 వోల్టులూ అందవచ్చును. చూడవచ్చే పసిపిల్లలు ముందుగా చేయిపెట్టేది మెరిసే దీపంపైననే కదా! అందువలన మేము పెట్టిన నియమం ఒక్కటే: ఈ పలక మీదకు బ్యాటరీ తప్ప మరొక విద్యుత్తు రాకూడదు.

తరువాతి చిక్కు పరిమాణం. మూడు మిల్లీమీటర్ల ఎల్.ఇ.డి. మన కంటికి చిన్నదే. 72తో హెచ్చిస్తే అది 21.6 సెంటీమీటర్లు, అనగా ఆ లోకపు మనిషి తలపై గుమ్మడికాయంత దీపం వ్రేలాడుతున్నట్లు. అదే 1.6 మిల్లీమీటర్ల పొడవు, 0.8 వెడల్పు గల ఉపరితల అమరిక రకమైతే వాహనపు ముందుదీపానికి సరిపోతుంది. ఇంకా చిన్నవాటికి పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ కాంతి తంతువు వాడాము. దాని కొనను టంకపు ఇస్త్రీకి తగలనీయకుండా దగ్గరగా చూపితే, కరిగి చిన్న గుండీవలె ఉబ్బి, కాంతిని అన్ని ప్రక్కలకూ వెదజల్లుతుంది. పాడైన రిలే చుట్టలోని ఎనామిల్ తీగ కలపడానికి ఉపయోగపడినది. ఆ తీగ కొనలను గీకిన తరువాతనే టంకము పట్టుతుంది.

లెక్క పిల్లల చేతనే చేయించాము. పదవ తరగతివారికి ఓము నియమం కంఠస్థం, కానీ ఆ సూత్రంతో ఒక వస్తువును ఎంచుకొనే అవసరం వారికి అంతవరకు కలుగలేదు. తెల్ల ఎల్.ఇ.డి.కి సుమారు 3 వోల్టులు కావలెను. 9 వోల్టుల బ్యాటరీలో మిగిలేది 6. దీపం భరించే 20 మిల్లీఆంపియర్లు ఇవ్వదలిస్తే 300 ఓములు చాలును. అయితే అంత కాంతిలో కర్మాగారం పెళ్ళిపందిరివలె కనిపించినది! 2.2 కిలో ఓములు పెట్టగా 2.7 మిల్లీఆంపియర్లకు దిగి, దీపం దీపంగా కనిపించినది. పన్నెండు దీపాలకూ కలిపి 33 మిల్లీఆంపియర్లు మించలేదు. పాతకాలపు టార్చి బల్బు ఒక్కటే 300 మిల్లీఆంపియర్లు త్రాగుతుంది. సిద్ధంగా అమర్చిన దీపాల పెట్టెలు బజారులో దొరుకుతున్నవి. వాటిని కొనడం సులువే, కాని పిల్లలకు ఈ లెక్క దక్కదు.

గోడలు పలుచని ప్లాస్టిక్ అయినందున లోపలి కాంతి గోడంతటా ఎర్రగా పారుతుంది. దీనికి లోపలి వైపు ముందు నల్లరంగు, దానిపై తెల్లరంగు పూయవలెను. నలుపు కాంతిని ఆపుతుంది, తెలుపు దానిని కిటికీల వైపు త్రిప్పుతుంది. అన్ని కిటికీలనూ వెలిగించరాదు. రాత్రి షిఫ్టులో మన ప్లాంటును చూచినవారికి ఈ సంగతి తెలుసు.

పొగగొట్టంపై ఎర్రదీపం కొరకు 555 టైమరును తీసుకొన్నాము. 1972లో బజారులోకి వచ్చిన ఈ చిప్పు నేటికీ దొరుకుతున్నది. 10 కిలో ఓములు, 68 కిలో ఓములు, 10 మైక్రోఫారడులు కలిపితే సెకనుకు ఇంచుమించు ఒకమారు మిణుకుతుంది. అది వెలుగగానే ఒక అమ్మాయి అడిగినది: “అంకుల్, చంద్రుడిపై గాలే లేదు కదా, మరి అక్కడ విమానాలు ఎక్కడివి?” మంచి ప్రశ్న. గాలి లేదు గనుక విమానాలు లేవు, దూదితో చేసిన పొగ కూడా అలా తేలియాడదు, నక్షత్రాలు మిణుకవు. దూదిని తీసివేశాము. నేపథ్యపు నక్షత్రాలను టైమరుకు కలపక నిశ్చలంగా ఉంచాము. ఎర్రదీపంపై పిల్లలలో వాదన జరిగి, పైనుండి దిగే వ్యోమనౌకలకు అది అవసరమేనని తేల్చారు.

చంద్రునిపై రాత్రి మన లెక్కలో సుమారు పద్నాలుగు దినాలు. 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్–3 ల్యాండరును, రోవరును సెప్టెంబరు మొదట్లో, ఆ రాత్రి రాకముందే నిద్రపుచ్చవలసివచ్చినది. ఇది తెలిసిన పిల్లలు తమ కర్మాగారపు రాత్రికి విద్యుత్తు ఎక్కడినుండి వస్తుందని తర్జనభర్జన పడి, సౌరఫలకాల ప్రక్కనే బ్యాటరీ గది ఒకటి కట్టారు. మా 9 వోల్టుల బ్యాటరీని, దాని స్విచ్చును ఆ గదిలోనే అమర్చాము. తలుపు తీస్తే నిరోధకాల వరుస కనిపిస్తుంది, ఒక్కొక్క దాని క్రింద పిల్లలు తమ చేతివ్రాతతో విలువ రాసి అంటించారు.