కారణం తెలియని మరణం.. తేల్చేదెవరు?

తెల్లవారుజామున ఫోన్ మోగుతుంది. మారేడుపల్లిలోనో, వారాసిగూడలోనో ఉండే మీ దగ్గరి బంధువు నిద్రలోనే పోయారు. నలభై ఏళ్లు. బీపీ, షుగర్ ఏమీ లేవు. పిలిస్తే వచ్చిన డాక్టర్ ‘కారణం నేను రాసివ్వలేను, పోలీసులకు చెప్పండి’ అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. ‘మనమేం తప్పు చేశామని పోలీసులు? పోస్టుమార్టం వద్దు, త్వరగా కానిచ్చేద్దాం’ అనే మాట మొదలవుతుంది.

ఒక్క నిమిషం ఆగండి. డాక్టర్ మిమ్మల్ని అనుమానించడం లేదు. తాను చికిత్స చేయని మనిషి ఎందుకు పోయారో తెలియకుండా సర్టిఫికెట్ రాయడం ఆయనకు కుదరదు.

పంచనామా ఎవరు చేస్తారు?

ముంబైలో 1999 వరకు ఇలాంటి మరణాలను విచారించడానికి కరోనర్ అనే ప్రత్యేక అధికారి ఉండేవారు. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఉన్నారు. మన దగ్గర ఆ పని పోలీసులది, మేజిస్ట్రేట్లది. మామూలుగా పోలీసులే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు కబురు చేసి, స్థానికులైన ఇద్దరు పెద్దమనుషుల ఎదుట శవ పంచనామా రాస్తారు. కారణంపై సందేహం ఉంటే పోస్టుమార్టానికి పంపుతారు. సికింద్రాబాద్ వాసులకు బాగా తెలిసిన చోటు గాంధీ ఆస్పత్రి మార్చురీ.

అయితే రెండు రకాల మరణాల్లో ఒక్క పోలీసు విచారణతో సరిపెట్టకూడదని చట్టం భావించింది.

మొదటిది, పెళ్లయిన ఏడేళ్లలోపు ఆత్మహత్య చేసుకున్న లేదా అనుమానాస్పదంగా చనిపోయిన మహిళ. వరకట్న మరణాల నేపథ్యంలో 1983లో చట్టాన్ని సవరించి మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి చేశారు. ఆచరణలో సాధారణంగా తహసీల్దారో, ఆర్డీవోనో వస్తారు.

రెండోది, పోలీసు లేదా జ్యుడీషియల్ కస్టడీలో మరణం. పోలీసుల తప్పును పోలీసులే తేల్చడం సరికాదు కదా! 2005 సవరణ ఈ విచారణను న్యాయస్థానపు మేజిస్ట్రేట్‌కు అప్పగించింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 194, 196 సెక్షన్లు ఈ ఏర్పాట్లను కొనసాగిస్తున్నాయి.

మీ హక్కులు ఇవీ

పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల చనిపోతే, ఆమె బంధువులు ఎవరు కోరినా మృతదేహాన్ని పోస్టుమార్టానికి పంపాల్సిందే. కాబట్టి అల్లుడి ఇంటివారు తొందరపెట్టినా అంత్యక్రియలకు ఒప్పుకోకండి. మేజిస్ట్రేట్ విచారణ జరిపితే, వీలైనంత వరకు తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, జీవిత భాగస్వామికి ముందే తెలిపి, అక్కడ ఉండనివ్వాలి. అనుమానముంటే సూటిగా చెప్పండి, రాయించండి. ఏ కాగితంపైనా చదవకుండా సంతకం చేయవద్దు. ఖననం చేసేసినా దారి మూసుకుపోదు. అవసరమనుకుంటే మృతదేహాన్ని వెలికితీయించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది. దహనం చేస్తే మాత్రం ఆ అవకాశం ఉండదు.

బతికున్నవారి కోసం

పోస్టుమార్టం అంటే శరీరాన్ని పాడుచేస్తారన్న భయం చాలామందిలో ఉంది. పరీక్ష అయ్యాక కోసిన చోట కుట్లు వేసే అప్పగిస్తారు. సాయంత్రమైతే మర్నాటిదాకా ఆగాల్సిందేనన్న నిబంధనను కూడా 2021 నవంబరులో కేంద్రం సడలించింది. సౌకర్యాలున్న ఆస్పత్రుల్లో రాత్రిపూటా చేయొచ్చు. హత్య, ఆత్మహత్య, అత్యాచారం వంటి అనుమానాలున్న కేసులను మాత్రం సాధారణంగా మినహాయించారు.

అసలు లాభం మీ ఇంట్లోవాళ్లకే. గుండె కండరం మందంగా మారే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి తరచూ వంశపారంపర్యంగా వస్తుంది. అన్న హఠాన్మరణానికి అదే కారణమని తేలితే, తమ్ముడికీ పిల్లలకూ ఈసీజీ, ఎకో చేయించి ముందే జాగ్రత్తపడవచ్చు. గుండె లయ తప్పే కొన్ని జబ్బులు మాత్రం పోస్టుమార్టంలో జాడ వదలవు. అలాంటప్పుడు రిపోర్టులో కారణం తేలకపోయినా కుటుంబ సభ్యులు కార్డియాలజిస్టును కలవడం మంచిది.

ఆ సమయంలో ఇలా చేయండి

* మృతదేహానికి స్నానం చేయించకండి, గది సర్దకండి.
* వాడిన మందులు, పాత రిపోర్టులు అన్నీ ఒకచోట ఉంచి విచారణాధికారికి చూపండి.
* విసెరా పరీక్షకు పంపారా అని అడిగి, కేసు నంబరు రాసుకోండి. ఆ ఫలితం రావడానికి సమయం పడుతుంది.
* మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించండి.

దుఃఖంలో ఉన్నప్పుడు ఇవేవీ గుర్తుకురావు. అందుకే ఈరోజే ఇంట్లో అందరితో ఒకసారి మాట్లాడండి.