ఐసెట్ మార్కులను చదువుట ఎట్లు?

"గణితములో 35 వచ్చినవి, ఇంగ్లీషులో 30 మాత్రమే, ఇంగ్లీషే ముంచినది" అని ఎం.బి.ఏ. ప్రవేశ పరీక్ష వ్రాసిన వారు విచారించుట మేము వినుచుందుము. మొదట అంకెలను సరిగా చదువుదము. తెలంగాణ ఐసెట్‌లో ప్రశ్నలు 200: విశ్లేషణకు 75, గణితమునకు 75, భాషా సామర్థ్యమునకు 50. అనగా 50కి 30 నూటికి 60. 75కి 35 నూటికి 47 అయినను కాదు. ముంచినది గణితమే!

డోంగ్లి వంటి సరిహద్దు పల్లెలో తెలుగు, మరాఠీ వినుచు పెరిగిన బిడ్డకు వేరొక చిక్కు కలదు. తొలి రెండు విభాగముల ప్రశ్నలు తెలుగులోను ఉండును; మూడవది ఇంగ్లీషులోనే. అక్కడ తగ్గిన మార్కు తెలివికి కొలత కాదు, అలవాటుకు కొలత.

కాలము 150 నిమిషములు, ప్రశ్నకు 45 సెకండ్లు. తప్పునకు కోత లేదు గనుక గురుతు పెట్టక విడిచిన ప్రశ్నయే నష్టము. (క్యాట్‌లో ఇట్లు విడువక వ్రాయుట ప్రమాదము, అక్కడ ఎంపిక ప్రశ్నకు జవాబు తప్పినచో ఒక మార్కు పోవును.) మొత్తము మార్కులు సమానమైనచో ముందు విశ్లేషణ, పిదప గణితము చూచెదరు. మన విద్యార్థికి గణితములో ఇంకను 40 మార్కులు మిగిలియున్నవి, ఇంగ్లీషులో 20. మరల వ్రాయదలచినచో గణితముతోనే ఆరంభింపుమని మా సలహా.