మాట్లాడినవాడు దొరుకుతాడు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల విద్యార్థులకు విమానాల చప్పుడు కొత్త కాదు. ఒక పక్క దుండిగల్ వైమానిక దళ అకాడమీ, మరొక పక్క హకీంపేట వైమానిక స్థావరం ఉన్నాయి. శిక్షణ విమానం పోతుంటే తలెత్తి చూస్తాం. కాని ఆ విమానానికీ, నేలమీది కేంద్రానికీ మధ్య సాగే సంభాషణ మన కంటికి కనపడదు. అది రేడియో తరంగాల మీద నడుస్తుంది. యుద్ధం వచ్చినప్పుడు ఈ కనపడని తరంగాల మీదనే పెద్ద పోరాటం జరుగుతుంది. దానినే ఎలక్ట్రానిక్ యుద్ధం అంటారు. శత్రువు తరంగాలను పట్టుకోవడం, వాటిని చెడగొట్టడం, మన తరంగాలను కాపాడుకోవడం అనేవి అందులోని మూడు ముఖ్యమైన పనులు.

దిక్కు ఎలా తెలుస్తుంది?

మీ ఇంట్లో పాత ట్రాన్సిస్టరు రేడియో ఉంటే ఆరుబయట మీడియం వేవ్ స్టేషను ఒకటి పెట్టండి. రేడియోను మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఒక స్థితిలో శబ్దం బాగా తగ్గిపోతుంది. ఎందుకంటే రేడియోలో తీగ చుట్టిన ఫెర్రైటు కడ్డీ ఒకటి ఉంటుంది. ఆ కడ్డీ కొన స్టేషను వైపు చూస్తున్నప్పుడు తరంగాలు దాని తీగచుట్టలో విద్యుత్తును దాదాపు పుట్టించలేవు. అంటే శబ్దం తగ్గినప్పుడు కడ్డీ ఉన్న గీత మీదనే స్టేషను ఉందన్నమాట. అయితే అది గీతకు ఏ కొస వైపు ఉంది? ఎంత దూరంలో ఉంది? ఈ రెండు ప్రశ్నలకూ ఒక్క రేడియో జవాబు చెప్పలేదు.

ఇప్పుడు నోటుపుస్తకం, కోణమానిని తీసుకోండి. ఒక సెంటీమీటరును ఒక కిలోమీటరు అనుకుని, పది సెంటీమీటర్ల దూరంలో రెండు చుక్కలు పెట్టండి. ఒకటి మేడ్చల్, మరొకటి శామీర్‌పేట. ఒక రహస్య ప్రసారిణి మేడ్చల్ నుంచి చూస్తే ఆ రెండు ఊళ్ళను కలిపే గీతకు 45 డిగ్రీల కోణంలోను, శామీర్‌పేట నుంచి చూస్తే అదే పక్కన 45 డిగ్రీల కోణంలోను ఉందని తేలిందనుకోండి. రెండు గీతలు గీయండి. అవి కలిసే చోటే ప్రసారిణి ఉంది! కొలిచి చూడండి. రెండు ఊళ్ళకూ అది సుమారు ఏడు కిలోమీటర్ల దూరం.

కోణంలో ఒక్క డిగ్రీ తప్పు వస్తే? ఏడు కిలోమీటర్ల దూరంలో గీత సుమారు 120 మీటర్లు పక్కకు జరుగుతుంది. డెబ్బై కిలోమీటర్లయితే 1,200 మీటర్లు! అందుకే సైన్యాలు రెండు చోట్లతో సరిపెట్టుకోకుండా మరిన్ని చోట్ల నుంచి కొలుస్తాయి.

చీకట్లో టార్చిలైటు

రాడార్ తరంగాలను పంపి, వస్తువుకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. తరంగాల వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. విమానం 30 కిలోమీటర్ల దూరంలో ఉంటే, పోను రాను 60 కిలోమీటర్లు. పట్టే కాలం సెకనులో ఐదువేలవ వంతు మాత్రమే.

కాని ఇక్కడొక చిక్కు ఉంది. చీకట్లో టార్చి వేసినవాడికి ఎదుటి మనిషి కనపడటానికి ముందే, ఎదుటివాడికి టార్చి కనపడుతుంది. రాడార్ సంగతీ అంతే. విమానం చేరే తరంగం ఒకవైపే ప్రయాణిస్తుంది. ప్రతిధ్వని మాత్రం రెండువైపులా ప్రయాణించి బాగా బలహీనపడుతుంది. కాబట్టి విమానంలోని గ్రాహకం రాడార్‌ను ముందే పసిగట్టగలదు.

పసిగట్టాక దాని కళ్ళలో దుమ్ము కూడా కొట్టవచ్చు. 1943 జూలైలో బ్రిటిష్ విమానాలు జర్మనీలోని హాంబర్గ్ నగరం మీద అల్యూమినియం పూత వేసిన కాగితపు పట్టీలను గుట్టలుగా చల్లాయి. జర్మన్ల వుర్జ్‌బర్గ్ రాడార్ తరంగ దైర్ఘ్యం సుమారు 54 సెంటీమీటర్లు. పట్టీ పొడవు 27 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా సగం. ఆ పొడవున్న లోహపు పట్టీ తరంగాలను చాలా బాగా వెనక్కు పంపుతుంది. రాడార్ తెరలు నిండిపోయి, ఏది విమానమో ఏది కాగితమో తెలియలేదు. ఆ దాడుల్లో ఆ నగరంలో వేలాది మంది సామాన్యులు చనిపోయారన్నది కూడా మనం మరువరాదు.

విశాఖ తీరంలో

మన తెలుగుతీరం కూడా ఇలాంటి ఎత్తుకు సాక్షి. 1971 యుద్ధ సమయంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చింది. వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, రాజ్‌పుత్ అనే పాత నౌకను విక్రాంత్‌లా నటించమన్నారు. నటన అంటే వేషం కాదు, రేడియో సందేశాలే! పెద్ద నౌక పంపేటన్ని సందేశాలను అది పంపింది. ఒక నావికుడు తన తల్లి ఆరోగ్యం కనుక్కుంటున్నట్టు సంకేతలిపి లేని తంతి కూడా వాటిలో ఉంది. ఘాజీ డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి విశాఖపట్నం దగ్గర మునిగిపోయింది. మునగడానికి కారణమేమిటన్న దానిపై ఇరుదేశాల కథనాలు వేరు. తొంభై మందికి పైగా నావికులు మరణించారు.

హైదరాబాదులో

ఈ శాస్త్రంలో హైదరాబాదుకు పెద్ద పాత్ర ఉంది. చాంద్రాయణగుట్టలోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల 1961లో ఏర్పడింది. సైన్యం కోసం వాహనాల మీద నడిచే 'సంయుక్త' వ్యవస్థ రూపకల్పనలో దీని పాత్ర ముఖ్యమైనది. యుద్ధనౌకలను రక్షించే 'శక్తి'ని కూడా ఇదే రూపొందించింది. శక్తిని 2021 నవంబరు 19న నౌకాదళానికి అందజేశారు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే ఉన్న నాచారంలో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇలాంటి పరికరాలను తయారుచేస్తుంది. 2019 ఏప్రిల్ 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన 436 కిలోల ఎమిశాట్ ఉపగ్రహం, 748 కిలోమీటర్ల ఎత్తు నుంచి విద్యుదయస్కాంత తరంగాలను కొలవడానికి ఉద్దేశించినది.

ఇంతకీ దొరకకుండా మాట్లాడటం ఎలా? కొద్దిసేపే మాట్లాడటం ఒక పద్ధతి. సెకనుకు అనేకసార్లు పౌనఃపున్యాన్ని మార్చుకుంటూ మాట్లాడటం మరొకటి. అన్నిటికంటే పాతది, మౌనం.

అయితే దొరకాలని కోరుకునేవారు కూడా ఉన్నారు. తుపానులో చిక్కుకున్న పడవలోని ఆపద సూచిక 406 మెగాహెర్ట్జ్ దగ్గర కేక వేస్తుంది. ఉపగ్రహాలు ఆ కేకను పట్టుకొని నేలమీది కేంద్రాలకు చేరవేస్తాయి, ఆ కేంద్రాలు అది ఎక్కడిదో లెక్కకట్టి రక్షకులకు తెలుపుతాయి. మీరు నోటుపుస్తకంలో గీసిన గీతల వెనుకనున్న ఆలోచనే అక్కడా పనిచేస్తుంది. శత్రువును వెతికే శాస్త్రమే మనిషిని ఒడ్డుకు చేరుస్తుంది.